మూడడుగుల ఏడంగుళాల ఎత్తు నుంచి

హన్మకొండ
ఏప్రిల్ 9

హారికకు,

ఆశీర్వాదం ముందే రాసేస్తున్నాను. బొమ్మల సంగతి మొదలుపెడితే ఉత్తరం చివరికి ఆ మనసు మిగులుతుందో లేదో.

నీ కవరు అందింది. మడికొండలో మన నూట యాభై గజాల జాగాలో లేవబోయే ఇంటిని కంప్యూటరులో ముందే కట్టి పంపిన ఆరు బొమ్మలూ గోడకు వరసగా అంటించి చూశాను. మీ బాపు "అమ్మా, మస్తున్నయ్" అన్నాడు. పదో తరగతిలో తన లెక్కల మార్కులు చూసుకున్నప్పుడు కూడా వాడు అదే మాట అన్నాడు కనుక నేను లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి సందేహం. వంటింట్లో గాజు గ్లాసు పట్టుకొని నిలబడ్డ ఆ బంగారు జుట్టు ఆవిడ ఎవరు? హాల్లోనూ ఆమే, పై గదిలోనూ ఆమే. మనకంటే ముందే పాలు పొంగించేసుకుందా? నాకు సాయంగా ఉంటున్న యాకమ్మ చాలాసేపు చూసి, "గీమె కిరాయికుంటదా అమ్మా? మరి బియ్యం డ్రమ్ము ఏడబెట్టుకుంటది?" అంది. ప్రశ్న సరైనదే. ఆ వంటింట్లో మూడు నిమ్మకాయలు, ఒక పూలకుండీ తప్ప తినడానికి ఏమీ లేదు.

రెండోది, ప్లాను. గోడ, హాలు, గోడ, వంటిల్లు, మళ్లీ గోడ అన్నీ కూడితే ముప్పై అడుగులు రావాలి. ఇరవై తొమ్మిదిన్నరే వస్తోంది. ఆరంగుళాల జాగా ఎవరికి రాసిచ్చావు? ఎర్ర సిరాతో సున్నా చుట్టి తిప్పి పంపుతున్నాను.

మూడోది, మేడ మీద నా గది. మెట్టుగుట్ట కనపడే కిటికీ పెట్టావు. పదేళ్ల పిల్లగా ఇచ్చిన మాట ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నావు, సంతోషం. కానీ నాకు ఆ గది వద్దు. మేడ మీద కూర్చుంటే ఇంటికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో, ఎంతసేపటికి పోయారో తెలియదు. కింద, వీధి వైపు గది ఇవ్వు.

ఫోన్ చేయకు. నువ్వు చెప్పేదాంట్లో సగం నా చెవికి చేరదు, మిగతా సగం నేను ఊహించుకుంటాను. వీడియో కాల్ అసలే వద్దు. అందులో నా ముఖం నాకే పరాయిగా ఉంటుంది. ఉత్తరమైతే దిద్దడానికి వీలు.

బాపమ్మ

*

పుణె
ఏప్రిల్ 17

బాపమ్మా,

ఆ బంగారు జుట్టామె సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చింది. గది ఎంత పెద్దదో తెలియడానికి ఒక మనిషిని నిలబెడతారు. చీర కట్టిన మనిషి కోసం వెతికాను. ఒకామె దొరికింది కానీ నాట్యం చేస్తోంది. వంటింట్లో నాట్యం వద్దనిపించింది.

ఆరంగుళాలు దొరికాయి. నా తప్పు ఎట్లా జరిగిందో చెప్తే నా అసలు తిప్పలు నీకు అర్థమవుతాయి. ఇల్లు గీయడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. మూడింటిని పరీక్షిస్తున్నాను. మొదటిది ఉత్త గీతలది. ఎక్కడ గీయమంటే అక్కడ గీస్తుంది, అది గోడో గట్టో దానికి పట్టదు. రెండోది బొమ్మలది. నేల మీద గీసిన గదిని వేలితో పట్టి లాగినట్టు పైకి లాగొచ్చు. ఎండ, నీడ, నేల మెరుపు అన్నీ ముద్దొస్తాయి. నీకు పంపినవి అవే. కానీ బొమ్మ ఒకచోట, ప్లాను ఇంకోచోట. బొమ్మలో గోడ జరిపి ప్లానులో జరపడం మర్చిపోయాను. మూడోదానికి గోడంటే గోడే, తలుపంటే తలుపే. ఒకచోట మారిస్తే అంతటా మారుతుంది. అయితే నేర్చుకోవడం కష్టం, నా ల్యాప్‌టాప్ రొప్పుతుంది. మూడూ కొనలేను. ఒకసారి చెయ్యి అలవాటైతే మార్చుకోవడమూ కష్టమే. ఆఫీసులో ఖాళీ దొరికినప్పుడల్లా ఇదే పని.

గది సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. అందరూ ఇల్లు కింద నుంచి పైకి గీస్తారు. నేను నీ గదితో మొదలుపెట్టి కిందికి దిగాను. హాలు నీ గది కింద పడింది, మెట్లు నీ మోకాళ్లకు తగ్గట్టు ఆరంగుళాల ఎత్తులో పెట్టాను. ఇప్పుడు నువ్వు వద్దంటే మిగతా ఇల్లు ఎందుకు అట్లా ఉందో నాకే తెలియదు. నిజంగా వీధి చూడటానికేనా?

హారిక

*

హన్మకొండ
ఏప్రిల్ 25

హారికకు,

నిజంగా వీధి చూడటానికే. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన మనిషికి ఎవరు ఆలస్యంగా వస్తున్నారో చూడకపోతే పొద్దు గడవదు.

నీ ముగ్గురు అభ్యర్థుల వివరాలు చదివాను. పేర్లు పలకడం నా వల్ల కాదు కనుక నేనే పెట్టుకున్నాను. మొదటివాడు గుమస్తా, చెప్పింది రాస్తాడు, ఎందుకని అడగడు. రెండోవాడు చిత్రకారుడు, అందంగా అబద్ధం చెప్తాడు. మూడోవాడు మేస్త్రీ, గొణుగుతాడు కానీ పని తెలిసినవాడు. పరీక్ష పెట్టకుండా ముగ్గురిలో ఎవరినీ ఇంట్లోకి రానివ్వను. ఇవిగో ప్రశ్నలు.

వంటింటి గోడను ఆరంగుళాలు తూర్పుకు జరపమను. తలుపు దాంతోపాటు వస్తుందా, గాల్లో వేలాడుతుందా? మే నెల సాయంత్రం నాలుగింటికి పొయ్యి దగ్గర నిలబడే మనిషి ముఖాన ఎండ కొడుతుందో లేదో చూపించమను. తలుపులన్నీ మూడడుగుల వెడల్పు చేయమను. ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తుందో లెక్కపెట్టు. ప్రతి బొమ్మా నేల నుంచి మూడడుగుల ఏడంగుళాల ఎత్తున కన్ను పెట్టి చూపించమను. నువ్వు పంపినవన్నీ ఐదున్నర అడుగుల మనిషి నిలబడి చూసినట్టున్నాయి. ఇంట్లో మనుషులు కూర్చోరా? నేను చిక్కుడుకాయలు ఒలిచేది కూర్చునే.

చివరిది, నా గది పక్కనే స్నానాల గది పెట్టి, దాని నేల మీద ఐదడుగుల వ్యాసంతో ఒక వృత్తం గీయమను. ఆ వృత్తాన్ని గోడ, బకెట్టు, తలుపు ఏదీ తాకకూడదు. ఎందుకని అడగకు. రేఖాగణితం మీద ప్రేమ అనుకో.

ఇక నాదొక ప్రశ్న. బొమ్మల మీద, ఆ ఆవిడ పాదాల దగ్గర, సన్నటి బూడిదరంగు అక్షరాలతో అడ్డంగా "ట్రయల్" అని ఉంది. భూతద్దం పెట్టి చదివాను. ఇరవై కంప్యూటర్ల ఆఫీసులో కూర్చున్న పిల్లకు ఊరికే వాడి చూసే సరుకు ఏం ఖర్మ? నెల తిరిగితే ఆగిపోతుందట కదా అది, కింది వాటాలో ఉండే అనిల్ చెప్పాడు. నిజంగా ఆఫీసులోనే గీస్తున్నావా?

బాపమ్మ

*

పుణె
మే 4

బాపమ్మా,

ఆ అక్షరాలు మా ప్రొఫెసరు కూడా చూసి ఉండడు.

ఆఫీసు మానేశాను. మార్చి ఒకటి నుంచి వెళ్లట్లేదు. హాస్టల్ గదిలో కూర్చుని, ఒక ఈమెయిల్ మీద నెల అయిపోతే ఇంకో ఈమెయిల్‌తో మళ్లీ ట్రయల్ తీసుకుంటున్నాను. సిగ్గుగానే ఉంది. బాపుకు చెప్పకు, నేనే చెప్తాను.

ఎందుకంటే ఏం చెప్పను. రెండేళ్లు అక్కడ బొమ్మలకు రంగులే వేశాను. ఎవరో ప్లాను గీస్తారు, నేను దానిలో సోఫా పెట్టి, ఎండ పోసి, ఆ బంగారు జుట్టామెను నిలబెడతాను. ఒక ఇంట్లో వంటింటి తలుపు తెరిస్తే ఫ్రిజ్‌కు కొడుతోందని చెప్పాను. "నువ్వు తలుపు గురించి మాట్లాడకు, తలుపు మెరిసేట్టు చూడు" అన్నారు. ఆ రోజే బ్యాగు సర్దుకున్నాను. మడికొండలో ఒక చిన్న గది తీసుకొని ఇళ్లు గీయాలని ఉంది. మొదటి ఇల్లు మనది. అది చూపించి తరవాతివి అడగాలి. అందుకే సాఫ్ట్‌వేర్ కోసం ఇంత కొట్టుకుంటున్నాను. అందుకే నీ గది కోసం కూడా.

నీ పరీక్ష పెట్టాను. గుమస్తా మొదటి ప్రశ్నలోనే తప్పాడు. గోడ జరిగింది, తలుపు ఉన్నచోటే నిలబడింది. చిత్రకారుడు ఎండ అద్భుతంగా చూపించాడు (ముఖాన కొడుతోంది, కిటికీ మార్చాను), కానీ తలుపులు పెద్దవి చేయమంటే ఏడు తలుపులకూ ఏడుసార్లు చెప్పాను, అయినా ఒక బొమ్మలో పాత తలుపే ఉంది. మేస్త్రీకి ఒకసారి చెప్పాను. ఏడూ మారాయి. తరవాత ల్యాప్‌టాప్ పావుగంట ఆగిపోయింది, కానీ మారాయి.

కన్ను ఎత్తు, వృత్తం మిగిలాయి. రేపు కూర్చుంటాను.

హారిక

*

పుణె
మే 5

బాపమ్మా,

స్నానాల గదిలో నువ్వడిగిన వృత్తం గీశాను. ఐదడుగులు. గీసి, దానివైపే చూస్తూ కూర్చున్నాను.

కాలేజీ మొదటి సంవత్సరంలో ఈ వృత్తం మాతో నేల మీద సుద్దముక్కతో గీయించారు. దాని మధ్యలో ఒక కుర్చీ పెట్టి తిప్పించారు. చక్రాల కుర్చీ పూర్తిగా తిరగడానికి ఐదడుగులు కావాలి. తలుపు మూడడుగులు కావాలి. అందులో కూర్చున్న మనిషి కన్ను, నీ అంత మనిషైతే, మూడడుగుల ఏడంగుళాలు.

చిక్కుడుకాయలు బాల్కనీలో ఒలుస్తావు. స్నానాల గదిలో కూడా ఒలుస్తావా?

ఎప్పుడు పడ్డావు?

హారిక

*

హన్మకొండ
మే 13

హారికా,

నీకు ఆ వృత్తం నేర్పిన మాస్టారికి నా నమస్కారాలు. అంత బాగా చెప్పి ఉండాల్సింది కాదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. ముందు గుమ్మం గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి లేస్తున్నాను. యాభై ఏళ్లుగా లేస్తున్నట్టే లేచాను, ఈసారి కాలు గడపకు తట్టింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో పన్నెండు రోజులు. డాక్టరు నా ఎముకలు పాత సుద్దముక్కల్లా ఉన్నాయన్నాడు. సుద్దముక్కలతో నా పరిచయం తెలియక అన్నాడు కానీ పోలిక బాగుంది. కర్ర పట్టుకొని నాలుగడుగులు వేస్తాను, ఐదోది వేయను. మిగతాదంతా కుర్చీ.

మీ బాపు మీద, అమ్మ మీద కోపం పెట్టుకోకు. మీ అమ్మ నిర్మల రోజూ గొడవే, "పిల్లకు చెప్పకపోతె రేపు నన్నంటది అత్తమ్మా" అని. ఒట్టు పెట్టించుకున్నది నేను. చెప్తే నువ్వు పరుగెత్తుకొస్తావు, ఉద్యోగం పోతుంది అనుకున్నాను. నేను కాపాడుతున్న ఉద్యోగాన్ని నువ్వు ఆ మరుసటి నెలలోనే వదిలేసి కూర్చున్నావు. ఇద్దరం ఒకరికొకరం తెలియకుండా ఎంత జాగ్రత్తగా కష్టపడ్డాం!

ఇప్పుడు అసలు మాట. మనం అద్దెకుండేది మేడ మీద వాటాలో కదా. దవాఖాన నుంచి వచ్చిన రోజు మీ బాపూ అనిలూ నన్ను కుర్చీతో సహా పైకి మోసుకొచ్చారు. నా పెళ్లి పల్లకీలో కూడా అంత ఊపు లేదు. అనిల్ నడుం వారం రోజులు పట్టేసింది. ఆ తరవాత నన్ను కిందికి దించమని నేను అడగలేదు. మూడు నెలలు కావస్తోంది నేను నేల మీదికి దిగి. బాల్కనీలోంచి వీధి చూస్తాను. పైనుంచి చూస్తే అందరి నడినెత్తులే కనిపిస్తాయి, పలకరించడానికి ముఖం ఉండదు.

నాకేం పెద్ద కోరికలు లేవు. వీధి చివర బండి దగ్గరికి పోయి, కొత్తిమీర కట్ట నా చేత్తో ఏరుకొని, బండివాడితో తగువు పడి రావాలి. యాకమ్మ తెచ్చే కొత్తిమీరలో తగువు ఉండదు, అందుకే రుచీ ఉండదు. అందుకే మేడ గది వద్దన్నాను. నీ కిటికీ నచ్చక కాదు. ఆ కిటికీ బొమ్మ మంచం పక్కనే అంటించుకున్నాను, రోజూ చూస్తాను. కానీ ఆ గదిలోకి పోతే నేను మళ్లీ కిందికి రాను. గుట్ట చూస్తూ ఉండిపోతాను.

ఇంకొకటి రాసి ముగిస్తాను. అన్ని తలుపులకూ గడపలు కొట్టెయ్. వీధి గడప కూడా. నువ్వు గడప మీద నిలబడితే వీపు మీద దెబ్బ వేసినదాన్ని నేనే. కొట్టెయ్. ఇల్లు కట్టబోయే అసలు మేస్త్రీ చంద్రమౌళి కొలతల సంగతి మాట్లాడటానికి వచ్చినప్పుడు ఆ మాట చెప్తే, "గడప లేకుంటె అది ఇల్లెట్లయితదమ్మా, షెడ్డయితది గని" అన్నాడు. షెడ్డయినా సరే, బయటికి పోగలిగితే చాలన్నాను. అని, ఆయన పోయాక కొంచెం ఏడ్చాను. రాయకూడదనుకున్నాను. రాశాక కొట్టేస్తే నీకు ఎర్ర సిరా కనిపిస్తుంది కనుక అట్లాగే ఉంచాను.

బాపమ్మ

*

పుణె
జూన్ 2

బాపమ్మా,

నీ ఉత్తరం చదివి రైలు టికెట్ తీశాను. తీసి, ఖాళీ చేతులతో వస్తే నువ్వు మెట్ల మీదే నిలబెట్టి ప్రశ్నలేస్తావని, ఇల్లు పూర్తిచేసి వద్దామని టికెట్ రెండు వారాలు వాయిదా వేశాను. పద్నాలుగో తారీకు పొద్దున కాజీపేటలో దిగుతాను. బాపుకు ఉద్యోగం సంగతి చెప్పాను. "మంచిగనే చేసినవ్ బిడ్డా" అన్నాడు. నువ్వన్నట్టు ఆయన దేనికైనా అంతే, కానీ నాకు బాగుంది.

మేస్త్రీనే ఎంచుకున్నాను. ఒక ఏడాదికి డబ్బు కట్టేశాను, ఇక బూడిదరంగు అక్షరాలుండవు. ఎందుకో చెప్తాను. నీ ఉత్తరం వచ్చాక ఇంటిని మొదటి నుంచి మార్చాల్సి వచ్చింది. ఈసారి నీ కన్నుతో మొదలుపెట్టాను. మూడడుగుల ఏడంగుళాల దగ్గర కన్ను పెట్టి ప్రతి గదిలో తిరిగాను. సింకు మీది అద్దంలో నుదురు మాత్రమే కనిపించింది. వంటగట్టు గడ్డానికి తగిలేట్టుంది. కిటికీలో ఆకాశం తప్ప ఏమీ లేదు. ఇట్లాంటి ఇల్లు నేను గీసి, దానికి రంగులు కూడా వేశానా అనిపించింది. ఒక్కొక్కటీ దించుతూ వచ్చాను. ఒకటి దించితే దానికి తగిలిందల్లా ఎక్కడ తప్పిందో మేస్త్రీ చెప్తూ వచ్చాడు. రొప్పుతూనే చెప్పాడు.

ఇంటి పునాది ఎత్తు రెండడుగుల నుంచి ఒకటిన్నరకు తగ్గించాను. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు కావాలి. పద్దెనిమిది అడుగుల ర్యాంపు ఎంత కచ్చితంగా పట్టిందో నువ్వే కూడి చూసుకో. ఈసారి ఆరంగుళాలు ఎవరికీ రాసివ్వలేదు. నీ గది ముందర వైపే. వీధి కనిపిస్తుంది.

ఇక గడప. కొట్టేయలేదు.

నువ్వు దెబ్బ వేసిన వీపు నాది, కొట్టేయడానికి నాకు చేతులు రావు. చంద్రమౌళి మామతో ఫోన్లో గంటసేపు మాట్లాడాను. టేకు గడపను నేల మీద నిలబెట్టకుండా, నేలలోకి దించి, గచ్చుతో సమానంగా కూర్చోబెడదామన్నాను. నాలుగంగుళాల వెడల్పు పట్టీలాగా. కొలత రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరవాత, "అయితది. పసుపు రాయొచ్చు, బొట్టు పెట్టొచ్చు. తట్టుడొక్కటే ఉండదు" అన్నాడు. నీ కుర్చీ దాని మీదుగా పోతుంది. శుక్రవారం నేను పసుపు రాస్తాను, నువ్వు కూర్చుని వంకలు పెట్టు. చక్రాలకు పసుపు అంటుకొని ఇంట్లోకి రెండు గీతలు పడతాయి. సమాంతరంగా పడతాయో లేదో కొలుచుకుందువుగానీ.

బాపు ఫోనుకు ఒక వీడియో పంపాను. టీవీలో పెట్టమని చెప్పాను. ఇంటి ముందు నుంచి నీ గది దాకా, నీ ఎత్తులో. మార్కులు వేయి.

హారిక

*

హన్మకొండ
జూన్ 7

హారికకు,

ఆశీర్వాదం ఈసారి చివర రాస్తాను, ఈసారి మిగులుతుందని నమ్మకం ఉంది.

వీడియో టీవీలో పెట్టారు. కుర్చీని టీవీ ఎదురుగా తోయించుకున్నాను. యాకమ్మ నా పక్కన కింద కూర్చుంది. గేటు తెరుచుకుంది. ర్యాంపు ఎక్కుతున్నప్పుడు తెలియకుండానే రెండు చేతులూ చక్రాల మీదికి పోయాయి. గడప వచ్చింది. పచ్చగా ఉంది, పసుపు కూడా రాసే ఉంచావు. కుదుపుకు సిద్ధమై పళ్లు బిగించుకున్నాను. ఏమీ కుదపలేదు. లోపలికి పోయాం. వంటింట్లో బియ్యం డ్రమ్ము కనిపించగానే యాకమ్మ "ఆ, గిప్పుడు ఇల్లైంది" అని తీర్పు ఇచ్చేసింది.

నా గదిలోకి తిరిగాం. కిటికీ కింది అంచు రెండడుగులకు దించావు కదా. నేను వీధి కోసం చూస్తున్నాను. యాకమ్మ నా మోకాలు పట్టుకొని ఊపింది, "అమ్మా, గుట్ట! గుట్ట కనవడ్తాంది సూడుండ్రి!" ఎదురింటి ప్రహరీకి, కరెంటు స్తంభానికి మధ్య, మెట్టుగుట్ట. నువ్వు ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు. నా మనవరాలివే, దాచిపెట్టడం బాగా వచ్చింది. మీ బాపును అక్కడే ఆపమన్నాను. చాలాసేపు ఆపి ఉంచాడు. "మస్తున్నది కద అమ్మా" అన్నాడు. అవునన్నాను. నలభై ఏడేళ్లలో మొదటిసారి వాడి మార్కులూ నా మార్కులూ కలిశాయి.

నీ మేస్త్రీకి నూటికి తొంభై తొమ్మిది. ఆ ఒకటి ఎందుకు పోయిందో వినవే. బంగారు జుట్టావిడను పంపేశావు, మంచిది, పాపం ఆమెకూ ఇల్లుంటుంది. ఆమె చోట, వీడియో చివరి బొమ్మలో, ర్యాంపు మీద, చక్రాల కుర్చీలో, తెల్ల జుట్టు ముసలావిడను కూర్చోబెట్టావు. చేతిలో ఎర్ర కలం కూడా పెట్టావు. ముక్కు తప్ప పోలికలన్నీ కుదిరాయి. కానీ భూతద్దంతో చూశాను, ఆవిడ పాదాలు ఒట్టివి.

చెప్పులు వేయి. ఆవిడ బయటికి వెళ్తోంది.

పద్నాలుగున పొద్దున ఎదురుచూస్తాను. నా ఆశీర్వాదాలు,

బాపమ్మ